మంచం కాడి స్విచ్చు

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. దయ్యాలకు కూడా నా మీద నమ్మకం లేకుండె కావచ్చు, ఒక్కటన్నా నా దిక్కు రాలేదు.

నేను బాన్సువాడల కరెంటు పని చేస్త. ఏడో తరగతిల లెక్కల సారు చెవి పిండితే పుస్తకాల సంచి అక్కడే ఇడిసిపెట్టి వచ్చిన, మళ్ల పోలే. "మా ఇంట్ల ఏదో ఉన్నది, లైటు దానంతటదే ఆరుతుంది" అని ఎవరన్నా భయపడి పిలిస్తే, పోయి చూసేసరికి న్యూట్రల్ వైరు లూజై ఉంటుండె. బిచ్కుంద దాకా పోయి స్క్రూడ్రైవర్‌తోని దయ్యాలను వెళ్లగొట్టి వచ్చిన మనిషిని.

ఇప్పుడు చెప్పేది మా అక్క ఇంట్ల జరిగింది. అక్కడ వైరింగ్ చేసింది నేనే. తప్పు ఇంకొకరి మీదికి తోసేటందుకు కూడా లేదు.

మా అక్క సాయవ్వ. అమ్మ పోయినంక నన్ను పెంచింది ఆమెనే. దవాఖానల ఆయా పని చేస్తుండె. బావ పోశెట్టి రైస్ మిల్లుల పని చేస్తుండె. వాళ్లకు పిల్లలు లేరు. రెండు వేల సంవత్సరం దాటినంక కొన్నేండ్లకు బావకు పక్షవాతం వచ్చి ఎడమ దిక్కంత పడిపోయింది. కుడి చెయ్యి మంచిగుండె. నోరు అంతకంటె మంచిగుండె.

అక్క పొద్దుగాల డ్యూటీకి పోతే ఇంటికి వచ్చేసరికి ఆరు దాటుతుండె. చలికాలంల అప్పటికే చీకటి. మధ్యాహ్నం పక్కింటి లక్ష్మి వచ్చి బావకు ఇంత అన్నం పెట్టి పోతుండె. ఆ తర్వాత ఆయన ఒక్కడే. ఇంట్ల మనిషి ఉన్నా ఇల్లు చీకటిగనే ఉంటుండె, మనిషి లేవలేడు కాబట్టి.

ఒకనాడు బావ నన్ను పిలిపిచ్చిండు.

"బామ్మర్దీ, పండుకున్న కాడి నుంచే ముందటి రూం లైటు వెయ్యాలె నేను. మీ అక్క చీకట్ల గోడ తడుముకుంట వస్తుంటే నాకు పాణం ఎట్లనో అయితుంది. ఏదన్నా చెయ్యి."

అప్పుడప్పుడే కొత్త కొత్త సామాన్లు దిగుతున్నయి. నిజామాబాద్ పోయి దుకాణాలన్నీ తిరిగిన. రిమోట్‌తోని నడిచే బోర్డు ఉండె. చప్పట్లు కొడితే వెలిగే స్విచ్చు ఉండె. పొద్దుగూకంగనే దానంతటదే లైటు వేసే సెన్సారు కూడా ఉండె. వచ్చి అన్నీ బావకు చెప్పిన.

"చప్పట్లది మంచిగున్నది" అన్నడు.

"ఒక్క చేత్తోని చప్పట్లెట్ల కొడతవ్ బావా?"

"నీ చెంప ఇటియ్యి. కొట్టి చూపిస్త."

రిమోట్ వద్దని నేనే చెప్పిన. సెల్లు అయిపోతే ఎవరు మార్చాలె, మంచం కింద పడితే ఎవరు తియ్యాలె? సెన్సారు పెడత అంటే బావ తన కుడి చెయ్యి దిక్కు చూసుకున్నడు. తర్వాత, "అన్నీ అదే చేస్తే ఇగ నేనెందుకురా ఇంట్ల?" అన్నడు.

ఆఖరికి మెట్ల కాడ పెట్టే రకం పెట్టిన. ఒకే లైటుకు రెండు స్విచ్చులు. ఒకటి ముందటి తలుపు కాడ, ఇంకొకటి లోపలి రూంల బావ తలకాడ. ఏది నొక్కినా లైటు మారుతది. ఇందుల పైకి ఉంటే బంద్, కిందికి ఉంటే చాలూ అనే లెక్క ఉండదు. ఒక్క మాట మాత్రం ఖాయం. తలుపు కాడి స్విచ్చు కదలకుండ లైటు వెలిగిందంటే, మంచం కాడి స్విచ్చును ఎవరో నొక్కిండ్రు.

ఇగ ఆనాటి నుంచి గేటు చప్పుడైతే చాలు, అక్క మెట్లు ఎక్కేలోపట లైటు పడుతుండె. "నాకు మళ్ల నౌకరీ దొరికిందిరా" అని బావ సంబురపడిండు. కరెంటు పోయిన నాడు లోపలి నుంచే, "సాయవ్వా, నా తప్పు కాదే, కరెంటు లేదు!" అని ఒర్రుతుండె. రెండేండ్లు ఆ నౌకరీ చేసి, ఒక వానకాలం పొద్దుగాల నిద్రలనే పోయిండు.

దినాలు అయినంక అక్కను మా ఇంటికి రమ్మన్న. రాలే. నెల దాటినంక ఒకనాడు చాయ్ పోసుకుంట మెల్లగ చెప్పింది.

"తమ్మీ, నిన్న నేను గేటు తీయంగనే లైటు పడ్డదిరా."

నేను నవ్విన. "పొద్దుగాల కరెంటు పోయినప్పుడు స్విచ్చు వేసి మర్చిపోయినవ్ అక్కా. మాపటికి కరెంటు వచ్చింది, లైటు వెలిగింది. బావకు పైన వేరే డ్యూటీ ఇచ్చి ఉంటరు, ఇంకా మన లైట్లెందుకు చూస్తడు?"

"కావచ్చు" అన్నది. కొట్లాడలే. కొట్లాడితే మంచిగుండు.

తర్వాత రోజూ పడుతుందని లక్ష్మితోని చెప్పింది. లక్ష్మి వాడకంత చెప్పింది. ఆ ఇంటి దిక్కు వచ్చేటోళ్లు తగ్గిండ్రు. అక్కకు ఆ ఫికరే లేదు. ఎక్కడున్నా ఆరింటికి ఇంట్ల ఉండాలె, అంతే. నస్రుల్లాబాద్‌ల మా బిడ్డ చెవులు కుట్టించిన నాడు పంక్తిల కూసున్నది కూడా లేసి, తినకుండనే బస్సెక్కింది.

"ఆకు ముందట పెట్టుకొని లేస్తరా అక్కా?"

"ఎదురుచూస్తడు తమ్మీ" అన్నది, నలుగురి ముందట.

ఆనాడు నాకు నవ్వు రాలే. అమ్మ లెక్క పెంచిన మనిషి కండ్ల ముందటనే నా చేతుల నుంచి జారిపోతుంది అనిపిచ్చింది.

ఆమె భ్రమ తీసెయ్యాలని ఒక పొద్దుగాల పోయిన. కరెంటు ఉన్నది. లైటు నేనే బంద్ చేసిన. రెండు స్విచ్చులు ఎటు ఉన్నయో బోర్డుల మీద పెన్సిల్‌తోని గీత గీసిన. లోపలి రూంకు బయటి నుంచి గొళ్లెం పెట్టిన. వెనక తలుపుకు లోపల గడియ ఉన్నది, కిటికీలకు జాలీ ఉన్నది. ముందటి తలుపుకు తాళం వేసి చెవి నా జేబుల ఏసుకున్న. అక్క దగ్గర ఇంకో చెవి లేదు.

మాపటికి దవాఖాన కాడికి పోయి అక్కను ఎంట తీసుకొని వచ్చిన. వీధి లైట్లు వెలుగుతున్నయి. అక్క ఇల్లు చీకటిగున్నది, నేను గట్టిగ చూసిన. అక్క గేటు తీసింది. ఇద్దరం రెండడుగులు వేసినం. కిటికీల లైటు పడ్డది.

తాళం నేనే తీసిన. తలుపు కాడి స్విచ్చు గీత మీదనే ఉన్నది. లోపలి రూం గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉన్నది. తీసి చూసిన. మంచం కాడి స్విచ్చు గీతకు ఉల్టా పడి ఉన్నది.

మంచం కింద చూసిన. అటక మీద చూసిన. బియ్యం డ్రమ్ము మూత కూడా తీసి చూసిన. నోరు అలవాటు కొద్ది ఒక జోకు కోసం ఎతికింది, దొరకలే.

మరునాడు ఆ స్విచ్చు పీకి కొత్తది పెట్టిన. లోపల పాడైతే లైటు వెలగచ్చు, ఆరచ్చు, గాని మీది మీట దానంతటది మర్లదు. మాపటికి కొత్తది కూడా మర్లింది.

అప్పుడు నేను ఒక పని చేసిన. నిజామాబాద్ పోయి, బావ వద్దన్న సెన్సారు కొనుక్కొచ్చిన. అక్కకు చీకట్లకు వచ్చే బాధ ఉండదు, వాడ నోరు కూడా మూతపడుతది అనుకున్న. దాన్ని వేరే లైటుకు పెట్టొచ్చు. పెట్టలే. నిజం చెప్తున్న, ఆ స్విచ్చంటే నాకు భయం పట్టుకున్నది. రెండు స్విచ్చుల వైర్లు తీసేసి, ఆ లైటుకే సెన్సారు కలిపిన.

"పెట్టాల్నా అక్కా?" అని అడిగిన.

"నీకు తెల్సిన పని నువ్వు చెయ్యి తమ్మీ" అన్నది.

సెన్సారు మస్తు పని చేసింది. మబ్బు పట్టినా వెలిగింది, అక్క ఊర్ల లేకున్నా వెలిగింది. వారం దినాలకు పోతే అక్క ముందటి రూంల కూసోని, లైటు దిక్కు చూసుకుంట చెప్పింది.

"ఇప్పుడు నేను వచ్చిన సంగతి ఎవలకు తెల్వదురా."

తిట్టలేదు, ఏడ్వలేదు. మామూలుగ చెప్పింది, చాయ్‌ల చక్కెర తక్కువైంది అన్నట్టు.

ఆ దినమే సెన్సారు పీకేసిన. పాత వైరింగ్ ఎట్లున్నదో అట్లనే మళ్ల కలిపిన. పాత స్విచ్చు ఎతికి అదే పెట్టిన. టెస్టర్ పెట్టి రెండు సార్లు చూసిన, అంతా కరెక్టుగున్నది. మాపటికి అక్కతోని కలిసి గేటు తీసిన. లైటు పడలే. మరునాడు పడలే. నెల చూసిన, ఏడాది చూసిన. ఆ మీట మళ్ల కదలలే.

తాళం వేసిన ఇంట్ల అది ఎట్ల మర్లిందో నాకు ఇప్పటికీ తెల్వదు. ఎవరన్నా ఇంజనీరు చెప్తే వింట. గాని నేను అసలు అడిగేది అది కాదు. వైర్లన్నీ ఉన్నకాడనే పెట్టినంక కూడా ఎందుకు ఆగింది? దానికి ఇంజనీరు కూడా ఏం చెప్తడు?

అక్క మంచిగైందని అందరూ అంటరు. ఇప్పుడు ఏ శుభకార్యానికి పిలిచినా వస్తది. కడుపునిండ తింటది. షామియానా విప్పేదాక కూసుంటది. చీకటి పడ్డది, ఇగ పోదాం అక్కా అని నేనే లేపాలె.

"పోదాం తియ్ తమ్మీ" అంటది. "తొందరేమున్నది?"