పెట్టెలు మడిచే పిల్ల

"పేరు కనిపిస్తోందా? ఫ్లాట్ నంబరు? పెద్దది చేసి చూడు. మన పిల్లాడు యూల్ పేరు కనిపిస్తే ఇవాళే ఇల్లు మారిపోదాం!"

నా గోలకి మా ఆయన సూప్ గిన్నె పక్కన పెట్టి ఫోను అందుకున్నాడు. 'ఖాళీ అట్టపెట్టె' అని ఒక ఖాతా. నడిపేదెవరో ఎవరికీ తెలియదు. అందులో మా పెట్టెల ఫోటో, కింద ఒక మాట: "ఒక్క పసివాడు, పంతొమ్మిది పెట్టెలు. వీడు బిడ్డా, గిడ్డంగా?"

పేరు లేదు. కానీ పిల్లాణ్ణి తుడిచే తడి టిష్యూలు వెచ్చబెట్టే యంత్రాల పెట్టెలు రెండు కనిపిస్తున్నాయి; అవి రెండేసి కొన్నది కొరియాలోని ఈ ఇంచోన్ అపార్ట్‌మెంట్లలో నేనొక్కదాన్నే. చదివింది సూక్ష్మజీవశాస్త్రం, అయినా బెంగే. ఒకటి పాడైతే రెండోది ఉండాలిగా?

భయం కాస్త తగ్గాక ఫోటోని మళ్ళీ చూశాను. గురువారం చెత్త వేరుచేసే చోట నేను పెట్టెల్ని టేపుతో సహా పడేసి వచ్చాను. ఫోటోలో మాత్రం టేపు ఒలిచి, చిరునామా చీటీలు పీకి, కొలిచినట్టు మడిచి ఉన్నాయి. వెక్కిరించడానికి వచ్చి, ముందు మన చెత్త సర్దిపెట్టే మనిషి మా బ్లాకులో ఒక్కతే. పెట్టెలు చక్కగా మడుస్తుందని వాచ్‌మన్ తాత రోజూ మెచ్చుకునే పన్నెండో అంతస్తు దాసోల్. పదహారేళ్ళ పిల్ల.

మర్నాడు లిఫ్టులో తల్లీకూతుళ్ళు ఎదురయ్యారు. తల్లి మా మహిళాసంఘం అధ్యక్షురాలు. చేతుల్లో మూడు పార్సిళ్ళు.

"చూశావా యూల్ వాళ్ళమ్మా, ఆ ఖాళీ పెట్టె వెధవ పని? ఎవరో చదువుకునే పిల్లలే. దొరకనీ, కాలేజీ ప్రవేశపరీక్ష అయ్యేదాకా ఫోను లాగేయిస్తా. ఏ తల్లి కన్నదో!"

దాసోల్ అంతస్తుల అంకెల్ని పరీక్షకి బట్టీపడుతున్నట్టు చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

"నీకేమైనా అనుమానముందా?"

"లేదండీ," అన్నాను. "కానీ ఆ తల్లి పనిపాటలు బాగానే నేర్పింది. అంత శుభ్రంగా నేనైతే మడవలేను."

సాయంత్రం తలుపు తడితే దాసోల్.

"ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"ముందు నా పెట్టెల ఫోటో తీసెయ్."

"తీసేశాను. మీరు మాత్రం పెట్టె రాగానే తెరవకండి. మూడు రోజులు గుమ్మంలోనే ఉంచండి. చీటీ చూడకుండా లోపలేముందో చెప్పగలిగితేనే తెరవండి. లేకపోతే తిప్పి పంపేయండి."

"మరి ఈ చిట్కా మీ అమ్మకీ చెప్పొచ్చుగా?"

"మా అమ్మకా? నా ఫోను నాకు కావాలి పిన్నీ!"

ఇప్పుడు మా గుమ్మంలో ఒక పెట్టె ఉంది. ఇవాళ మూడో రోజు. పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను. ఏం కొన్నానో గుర్తు రావడం లేదు. తీసుకెళ్ళమని కొరియర్ వాళ్ళకి చెప్పేశాను.