మెచ్చుకోవడానికి బయలుదేరిన మేనత్త

మా మేనత్త బట్టలు కుట్టి బతికింది, కవిత్వం విని బాగుపడింది. రెండో మాట మా నాన్న ఒప్పుకోడు. ఇప్పటికీ ఆదివారం సాయంత్రాలు ఆమె కొట్టు వెనక గదిలో, కుట్టుమిషన్ల మధ్య నలుగురైదుగురు చేరి రాసుకొచ్చినవి చదువుతారు. అక్కడొక కట్టుబాటుంది. ఎవరినైనా సరే ముందు లోపం చెప్పి, ఆ తర్వాతే మెచ్చుకోవాలి.

అక్కడ గొంతు పెగలక గొణుగుతూ చదివి, 'గొణుగుడు' అని పేరు తెచ్చుకున్న కుర్రాడే ఇవాళ పెద్ద కవి. మొన్న బిరుదిచ్చి, సాహిత్య సంస్థకు అధ్యక్షుణ్ణి కూడా చేశారు. ఆదివారాలు మానేసి ఏళ్ళయింది.

"వెళ్ళి అభినందించి వస్తాను," అంది అత్త.

"పూలగుత్తి ఇచ్చి ఊరుకోవే. నీ కట్టుబాట్లు అక్కడ విప్పకు," అన్నాడు నాన్న.

"ఉత్త పొగడ్త వాడికి ఊరంతా ఇస్తోంది. నేనూ అదే ఇస్తే ఇక వాడు మనవాడు కాదన్నట్టే," అని నన్ను తోడు తీసుకుని బయలుదేరింది.

ఆ సంస్థ ఆఫీసు వరండా నిండా పూలగుత్తులు పట్టుకున్నవాళ్ళు. అందరి నవ్వులూ ఒకే కొలతకు కుట్టినట్టుంటే నాకు ఒళ్ళు మండింది. మా వంతు వచ్చి లోపలికి వెళ్ళగానే కవిగారు లేచి నమస్కారం పెట్టాడు, అందరికీ పెట్టినట్టే.

"నీ కొత్త పుస్తకం చదివాను," అంది అత్త. "నున్నగా ఉంది, ఎవరికీ గుచ్చుకోదు. బిరుదులిచ్చేవాళ్ళ కోసం రాశావు."

సహాయకుడు గబగబా వచ్చి, "పదండమ్మా, ఇంకా చాలామంది ఉన్నారు," అన్నాడు. అత్త కదల్లేదు.

"ఉండవయ్యా," అన్నాడాయన. "ఆవిడ ఇంకా మెచ్చుకోలేదు."

అత్త కళ్ళు చెమర్చాయి. "ఆ గొంతుతోనే ఇంతదూరం వచ్చావు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేనురా. ఆదివారం రా, కొత్తది చదువు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "కొత్తది లేదక్కా. ఆ పుస్తకం తర్వాత ఒక్క ముక్క రాయలేదు, రావట్లేదు. అది నున్నగా ఉందని నాకూ తెలుసు. ఎవరైనా అంటారేమోనని చూశాను."

"అయితే ఊరికే రా. వచ్చి విను," అంది అత్త.

ఆదివారం ఏమీ తేకుండానే వచ్చాడు. తన వంతు వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపాడు. అత్త జాలిపడలేదు, "తర్వాతెవరు?" అంది. ఆయన లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.