మూడు ప్లేట్లు

నాకు పద్నాలుగేళ్లప్పుడు పక్కనున్న కౌన్సిల్ ఇళ్ల ఎస్టేట్‌లోని స్కూలు మూసేసి అక్కడి పిల్లల్ని మా స్కూల్లో కలిపారు. వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. మాది ఇంగ్లండ్‌లోని బ్రాక్‌నెల్‌లో దాదాపు అందరూ తెల్లపిల్లలే ఉన్న స్కూలు. అప్పటిదాకా మా క్లాసులో రంగు తక్కువ మనిషిని నేనొక్కదాన్నే. అమ్మవాళ్ల తెలుగు వాట్సాప్ గ్రూపులో ఆ వారమంతా ఒకటే గోల. స్టాండర్డ్ పడిపోతుందట. ఈ స్కూలు చూసే కదా ఇక్కడ ఇళ్లు కొనుక్కున్నదట. మేమొచ్చి నాలుగేళ్లు కాలేదు, అప్పుడే ఊరు మాదైపోయింది!

లంచ్ హాల్లో పాతవాళ్లు ఒక వైపు, కొత్తవాళ్లు ఒక వైపు కూర్చునేవారు. పాతవాళ్ల టేబుల్ దగ్గర నాకెప్పుడూ చివరి కుర్చీయే, అదీ ఎవరైనా రాకపోతే. కొత్తగా వచ్చిన ఒకమ్మాయి మాత్రం సైన్సు క్లాసులో వచ్చి నా పక్కన కూర్చుంది. తల నిండా సన్నటి జడలు, పెద్ద నవ్వు. వారం తిరక్కుండా నా పేరు సరిగ్గా పలకడం నేర్చుకుంది. టీచర్లకే అది చేతకాలేదు. పొద్దున్నే ఆమెను చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది.

ప్రాజెక్టుకి మేం ముగ్గురం ఒక జట్టు: నేను, ఆమె, ఒక తెల్లమ్మాయి. ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరూ మా ఇంటికొచ్చారు. అమ్మ పకోడీలు వేసి, వంటింట్లోకి పిలిచి ట్రే నా చేతిలో పెట్టింది. షోకేసులోంచి దింపిన పూల పింగాణీ ప్లేటు ఒకటి, నేను రోజూ తినే స్టీలు ప్లేటు ఒకటి, నా పుట్టినరోజుకి మిగిలిన పేపర్ ప్లేటు ఒకటి.

"పేపర్ ప్లేటు ఎవరికి?" అన్నాను, తెలిసే.

"అరవకే. ఆ కొత్తమ్మాయికిచ్చెయ్. తిన్నాక పారెయ్యొచ్చు."

"మమ్మీ, దట్స్ హారిబుల్!"

"నీకు తెలీదులే. వాళ్ల అలవాట్లేంటో మనకేం తెలుసు? పట్టుకెళ్లు, చల్లారిపోతాయి."

మా అమ్మ చెడ్డది కాదు. తెలిసినవాళ్లకి జ్వరమొస్తే క్యారేజీ కట్టుకుని బస్సెక్కి వెళ్లే మనిషి. కానీ ఊళ్లో మా అమ్మమ్మ పొలం పనికొచ్చేవాళ్లకి విడిగా ఒక గ్లాసు ఉంచేది. ఆ గ్లాసే మాతోపాటు విమానమెక్కి వచ్చింది. వంటింటి నుంచి హాలుకి పది అడుగులు. ఆ పది అడుగుల్లో నేను ప్లేట్లు మార్చి ఉండొచ్చు. తెల్లమ్మాయికి పేపర్ ప్లేటిస్తే ఏమనుకుంటుందో అని భయం. పోనీ, నా స్టీలు ప్లేటు కొత్తమ్మాయికిచ్చి పేపర్‌ది నేను తీసుకోవచ్చని తోచలేదు. అబద్ధం, తోచింది.

ఆమె తన ప్లేటు చూసింది, తర్వాత మా ఇద్దరివీ చూసింది. పకోడీలన్నీ తింది. బాగున్నాయని అమ్మకి చెప్పింది కూడా. అలవాటు కొద్దీ ప్లేటు కడుగుదామని సింకు దాకా వెళ్లి, "ఓ, ఇది కడిగేది కాదు కదా" అని తనే బిన్‌లో పడేసింది. అమ్మ "ఎంత మర్యాదైన పిల్లో!" అంది నాతో. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం సైన్సు క్లాసులో ఆమె టీచరు దగ్గరికెళ్లి సీటు మార్చమంది. ఎందుకని అడిగితే, వెనక నుంచి బోర్డు కనబడట్లేదంది. ఆమె చూపు ఎంత చురుకో నాకు తెలుసు.

టీచరు నావైపు తిరిగింది. "మీ ఇద్దరి మధ్య ఏమైనా జరిగిందా?"

క్లాసంతా వింటోంది. ఆమె కూడా ఆగి నావైపు చూసింది.

"ఏం లేదు, మిస్" అన్నాను.

ఆమె పుస్తకాలు సర్దుకుని ముందు వరుసకి వెళ్లిపోయింది.