ఆలస్యంగా వేసిన నోటీసు

మొన్న తాడేపల్లిగూడెం స్టేషన్లో పాసింజరు కోసం కూర్చుంటే, పక్క బెంచీ మీద ఇద్దరు కాలేజీ అమ్మాయిలు సీరియళ్ళు చూసి నేర్చుకున్న కొరియన్ మాటలతో ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. ఆ భాష చెవిన పడగానే నా మనసు ఇరవై ఏళ్ళు వెనక్కి, ఏలూరు దగ్గర మా విశ్వవిద్యాలయంలో వానొస్తే కారే రెండు గదుల్లోకి వెళ్ళిపోయింది. కొరియా ఎక్కడుందో మన వయసువాళ్ళం అట్లాసులో వెతుక్కునే ఆ రోజుల్లో, కొరియా అధ్యయన కేంద్రమని బోర్డు కట్టిన ఆ గదుల్లో నేను టెంపరరీ సెక్రటరీని.

కేంద్రాన్ని నడిపేది ఐదుగురు సభ్యుల కమిటీ. డైరెక్టరు గారు, ఇద్దరు ప్రొఫెసర్లు, కొరియా నుంచి వచ్చిన ఒక మేడమ్, ఐదో సభ్యుడిగా కొల్లేటి లంకలో చేపలు పట్టుకుని బతికే ఒక పెద్దాయన. కొరియా సముద్రపు పల్లెలనీ మన లంకలనీ పోల్చి చూసే పరిశోధన మాది. ఎవరి గురించి రాస్తున్నామో వాళ్ళ మనిషి ఒకరు కమిటీలో ఉండి తీరాలని మేడమ్ పట్టుబట్టి నిబంధన రాయించారు. మొదలుపెట్టిన పరిశోధన ఆపాలంటే హాజరైన సభ్యులంతా ఒప్పుకోవాలన్నది ఇంకో నిబంధన. పెద్దాయన తాటిదోనెలో గట్టుకొచ్చి, కైకలూరులో బస్సెక్కి, ప్రతి మీటింగుకీ అందరికన్నా ముందే వచ్చి కూర్చునేవారు.

మేడమ్ తమ దేశం వెళ్ళిపోయిన కొన్నాళ్ళకే కొల్లేట్లో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లని ప్రభుత్వం పగలగొట్టించింది. చెరువులు రాకముందు ఏ నీళ్ళలో ఎవరు వల వేసేవారో లంకల్లోని ముసలివాళ్ళ చేత చెప్పించి అప్పటికే మేం టేపుల్లోకి ఎక్కించాం. అది పుస్తకమై వస్తే, ఇది మా వేట నీరు అని చూపించుకోవడానికి తమవాళ్ళకో కాగితం ఉంటుందని పెద్దాయన ఆశ. డైరెక్టరు గారికి ఆ నీళ్ళు ఎవరివన్న గొడవల్లో తలదూర్చడం ఇష్టం లేదు. పరిశోధన మూసేసి, కంపెనీ ఉద్యోగాలకు పనికొచ్చేలా భాషా క్లాసులు పెడదామన్నారు. పెద్దాయన ఒప్పుకోరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒకరోజు డైరెక్టరు గారు నాకు కాఫీ తెప్పించి, లంకలకి టపా ఎప్పుడు అందుతుందో ఎవరికి తెలుసులే అన్నట్టు మాట్లాడి, చివర్లో నా ఉద్యోగం పర్మినెంటు చేసే ఫైలు తన బల్ల మీదే ఉందన్నారు. ఫలానాది చెయ్యమని ఆయన అనలేదు. చేసింది నేను. పరిశోధన సంగతి తేల్చే మీటింగు నోటీసు మీద పది రోజుల ముందు తేదీ వేసి, మీటింగు ముందురోజు పోస్టు డబ్బాలో పడేశాను. పావుగంటలో తీర్మానం అయిపోయింది. నోటీసు పంపినా స్థానిక సభ్యులు హాజరు కాలేదని మినిట్సులో రాసిందీ నా చెయ్యే.

నాలుగో రోజు పెద్దాయన వచ్చారు. కవరు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చారు. దాని మీద పోస్టాఫీసు ముద్రలో తేదీ స్పష్టంగా ఉంది. నేను చూశాను, ఆయన చూడలేదు.

"తప్పు మాదేనండీ," అన్నారు నిలబడే. "మా లంకకి ఉత్తరం ఆలస్యంగా వచ్చిందండీ. నేను రాలేదని మీ పనేం ఆగిపోలేదు కదండీ?"

ఆగలేదండీ, కూర్చోండి అన్నాను. మా సంగతి రాస్తున్నారా అండీ అని అడిగితే, రాస్తున్నామండీ అన్నాను.

ఏడాది తిరక్కుండానే, ఎవరో అతిథుల్ని ద్వారకా తిరుమల దర్శనానికి తీసుకెళ్ళమని డైరెక్టరు గారు నన్ను పంపారు. ఆ రోజే కమిటీ కూర్చుని నా పోస్టు రద్దు చేసింది. తిరిగొచ్చేసరికి బల్ల మీద ఉత్తరం ఉంది. నెల తర్వాత అదే పోస్టుకి ఇంకో పేరు పెట్టి డైరెక్టరు గారి మేనల్లుణ్ణి చేర్చుకున్నారు. నమ్మించి గొంతు కోశారని ఏళ్ళ తరబడి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుని కుమిలిపోయాను. అలా చెబుతుండగా ఒకసారి మా ఆవిడ, వంకాయలు తరుగుతూ తలెత్తకుండానే అంది:

"మీకు మోసం జరిగిందని తెలియనైనా తెలిసింది కదండీ. ఆ లంక పెద్దాయన, పుస్తకం వస్తోందని ఊరంతా చెప్పుకునుంటారు."

ఆ తర్వాత నేనా కథ ఎవరికీ చెప్పలేదు.

నిరుడు ఆ లంకకి వెళ్ళాను. ఇప్పుడు రోడ్డు పడింది, కైకలూరు నుంచి ఆటోలో వెళ్ళిపోవచ్చు. పెద్దాయన పోయి చాలా ఏళ్ళయిందట. వాళ్ళ కోడలు మంచినీళ్ళిచ్చి, పుస్తకం అచ్చయిందా అండీ అని అడిగింది. కాలేదమ్మా, దాన్ని ఆపడంలో నా చెయ్యి ఉందని, జరిగిందంతా చెప్పాను. ఆవిడ నా చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకుంది. "ఆ టేపుల్లో మా మావయ్యగారి గొంతైనా ఉంటదా అండీ?" అంది.

భాషా క్లాసులకు గది ఖాళీ చేసినప్పుడు ఆ టేపుల పెట్టె ఎటు పోయిందో నాకు తెలియదు. అప్పట్లో ఒక మనిషి మాట టేపులో దాచాలంటే గదీ, కమిటీ, తీర్మానం కావలసి వచ్చేవి. ఇప్పుడు మాట రికార్డు చేసే యంత్రం ప్రతివాళ్ళ జేబులోనూ ఉంది. ఆ నీళ్ళ హద్దులు చెప్పగలిగినవాళ్ళే, అడుగుదామంటే, ఒక్కరూ మిగల్లేదు.