పొట్ట మీద గుండుసూదులు

“అది బొమ్మ అని నేనెన్నడు అనుకోలే సుకన్యక్కా. సుధ అనుకొనే కుట్టిన. ముక్కు సక్కగ రాలేదని ఇప్పి మళ్ల కుట్టిన. కీడు చేసేటోళ్లు ముక్కు కోసం గంత సేపు కూసుంటరా?”

సుకన్య మిషను మీద నుంచి కాలు తీసి, కుడుతున్న జాకెట్టును పక్కన పెట్టింది. మిర్యాలగూడలో మిల్లుల వైపు పోయే దారిలో ఆమెది ఒక్క మిషను పట్టేంత కుట్టు దుకాణం. నీల ఆ వెనక సందులో ఈశ్వరమ్మ ఇంట్లో కిరాయికి ఉంటుంది. మిల్లు కళ్లంలో వడ్లు ఆరబోసే పని ఆమెది. ఆ రోజు పనికి పోలేదు. వానాకాలం నుంచి ఒక్క మాటా లేని చెల్లెలు సుధ పొద్దున్నే ఫోను చేసింది.

ఏమన్నదని సుకన్య అప్పటికే అడిగింది. నీల ఆ మాట దగ్గరికి రాలేక దాని చుట్టూ తిరుగుతోంది. సుకన్యకు తెలిసిన కథే మళ్లీ మొదటి నుంచి చెబుతోంది. సుకన్య తొందరపెట్టలేదు. ఎదురుగా స్టూలు వేసి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, వింటూ ఉంది.

నీల వాళ్లది నేరేడుచర్ల దగ్గరి తండా. వాళ్ల యాడి, అంటే తల్లి, ఏటా మిరపకాయలు ఏరడానికి కృష్ణ దాటి పోయేది. పోతే మళ్లీ ఎండలు ముదిరాకే రావడం. ఆమె బయలుదేరే ముందు నాయనమ్మ ఒక బొమ్మ కుట్టేది. యాడి కట్టి విడిచిన పేటియాలో, ఆ కుచ్చుల లంగాలో, ఒక ముక్క కత్తిరించేది. ఆ ముక్కను ఉతకకూడదు. ఉతికితే అది వట్టి బట్ట అయిపోతుందనేది. లోపల వరి ఊక కూరేది. తలా చేతులూ కాళ్లూ అయ్యాక చివరన పొట్ట మూసేది. ఆఖరి గుప్పెడు ఊక మాత్రం బొమ్మను పక్కలో వేసుకుని పడుకోబోయే బిడ్డ చేతనే పెట్టించేది. యాడి పోయినా యాడి వాసన ఇంట్లో ఉండేది. బిడ్డలు ఏడవకుండా పడుకునేవాళ్లు.

ఒక ఏడు యాడి తిరిగి రాలేదు. పోయిన చోటనే జ్వరమొచ్చి చనిపోయింది. అప్పటికి సుధ ఇంకా సరిగా మాటలు రాని పిల్ల. బడికి పోయే వయసు వచ్చేదాకా ఆ బొమ్మ మీద చెంప ఆనించే నిద్రపోయింది. చిరిగిన చోటల్లా నీలే అతుకులు వేసేది. నీలకు సూది పట్టడం అలాగే వచ్చింది. ఎవరూ నేర్పలేదు.

“యాడిని పక్కల ఏసుకొని పెరిగిన పిల్ల అక్కా అది. బొమ్మంటే ఏందో దానికి నేను చెప్పాల్నా?”

సుధకు మఠంపల్లి దగ్గర తండాలో పెళ్లయింది. పెనిమిటి వినోద్ సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పనికి పోతాడు. నీల కాపురం అప్పటికే చెడింది. పిల్లలు లేరు. ఒంటరిగా మిర్యాలగూడ చేరింది. చెల్లెలి మీద బెంగ పెట్టుకుని, సుధ చిన్నప్పటి చిలకపచ్చ లంగా కోసి ఒక బొమ్మ కుట్టడం మొదలుపెట్టింది. ఈసారి బొమ్మ తన కోసమే. దూరం పోయింది సుధ, మిగిలింది తాను.

ఆ బొమ్మను కుడుతున్నప్పుడే కార్తీక్ చూశాడు. కోదాడలో గిఫ్టు షాపు నడుపుతాడు, సంచులు కుట్టించుకుందామని సుకన్య దగ్గరికి వచ్చాడు. నీల చేతిలో బొమ్మను చూసి, ఫోనులో ఇంకేదో బొమ్మ చూపించాడు. జనపనార తాడు చుట్టిన ఒళ్లు, గుండీల కళ్లు, ఉన్ని దారం జుట్టు, ఒంటి నిండా రంగు తలల సూదులు.

“దీన్ని వూడూ బొమ్మంటారక్కా. ఇలాంటివి చేసిస్తారా?”

సూదులెందుకని నీల అడిగింది. సరదాకేనని, హైదరాబాదులో ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు మేనేజరు మీద కోపమొస్తే దీన్ని పొడుచుకుంటారని అతను చెప్పాడు. నీల పడీ పడీ నవ్వింది. అట్లయితే మా మిల్లు గుమాస్తాకు ముందుగాల ఒకటి చేసుకుంట అంది.

అట్లా మొదలైంది. నీల రెండు పుల్లలు అడ్డంగా కట్టి, తాడు చుట్టి, సుకన్య డబ్బాలోని విడి గుండీలు కళ్లుగా కుట్టేది. సుకన్య దుకాణంలో రాలే కత్తిరింపు ముక్కలే వాటికి బట్టలు. అన్నీ కొత్త ముక్కలే, ఎవరూ తొడగనివి. నీల ఆ విషయంలో జాగ్రత్తగానే ఉంది. కట్టి విడిచిన బట్ట ఒక్క పేలిక కూడా వాటికి తగలనివ్వలేదు. అవి ఎవరూ కాదు. ఎవరూ కానివాటికి సూది గుచ్చితే నొప్పేముంటుందని అనుకుంది. ఒకనాడు కార్తీక్ ఆమె చేతులను మాత్రం వీడియో తీసుకుపోయాడు. పచ్చబొట్టు చుక్కలున్న ఆ వేళ్లు తాడు చుట్టడం, గుండీ కుట్టడం, చివర సూదులు గుచ్చడం. దాని కింద అతను ఏం రాసుకున్నాడో నీల అడగలేదు.

ఆ రోజుల్లోనే సుధ వచ్చింది. ఐదో నెల. గదిలో కిటికీ చువ్వకు ఆనించి ఉన్న చిలకపచ్చ బొమ్మను చూడగానే గుర్తుపట్టింది.

“నా ముక్కు గింత బండగ ఉంటదా?” అని ఎక్కిరించింది. ఆ తర్వాత బొమ్మను ఒళ్లోకి తీసుకుంది. ఇది నాకియ్యి అంది. రేపు తాను పత్తికి పోతే పిల్ల దగ్గర ఇది ఉంటుందని.

నీల మురిసిపోయింది. బొమ్మ పొట్ట ఇంకా మూయలేదు. ఆఖరి గుప్పెడు నువ్వే పెట్టు, నీ కడుపుల ఉన్నది పెట్టినట్టే అంది. సుధ ఒక చెయ్యి తన కడుపు మీద వేసుకుని, రెండో చేత్తో ఊక తీసి బొమ్మ పొట్టలో పెట్టింది. నీల సూదికి దారం ఎక్కిస్తుండగానే హుజూర్‌నగర్ బస్సుకు వేళయిందని ఈశ్వరమ్మ కేకేసింది. ఊక కారిపోకుండా నీల చేతికందిన రెండు గుండుసూదులు పొట్ట మీద గుచ్చి, ఇంటికి పోయినంక రెండు కుట్లు వేసుకో అని సంచిలో పెట్టింది.

నీల ముట్టని చాయ్ గ్లాసులో మీగడ కట్టింది. సుకన్య దాన్ని తీసి పక్కన పెట్టింది.

సుధ ఆ కుట్లు వేసుకోలేదు. మరిచిపోయి ఉంటుంది. కాళ్లు వాచి, తల తిరిగి మంచం పట్టింది. ఏడో నెలలో బీపీ ఎక్కి సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయేసరికి లోపలి బిడ్డ కదలడం లేదు. నీల పరుగున పోయింది. ఆ మూడు రోజులూ సుధ అక్క చెయ్యి వదల్లేదు. బీపీ వల్ల జరిగిందని, మళ్లీ కడుపు నిలిస్తే మొదటి నుంచీ మందులు వాడాలని, ముఖ్యంగా భయం పెట్టుకోవద్దని డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

ఇంటికి పోయాక అత్త సీతాబాయి సుధ బట్టల సంచి దులుపుతుంటే బొమ్మ బయటపడింది. కోడలి పాత లంగా, పొట్టలో రెండు సూదులు. సుధ మొదట నవ్వబోయిందట. అక్క కుట్టింది, ఊక కారకుండా పెట్టింది అని చెప్పిందట. అత్త కూడా సగం నమ్మింది. కానీ ఆ వారంలోనే వినోద్ ఫోనులో ఎవరో పంపిన వీడియో వచ్చింది. తాడు చుడుతున్న చేతులు, గుచ్చుతున్న సూదులు. కింద తెలుగులోనే రాసి ఉంది, మీ శత్రువును తలుచుకుని పొడవండి అని. వేళ్ల మీది పచ్చబొట్టు చుక్కలను సుధ చూసింది. ఆ వేళ్లతో అన్నం తిన్న పిల్ల, వేరేవాళ్లవని ఎట్లా అనుకుంటుంది?

గొడ్రాలి కడుపుమంట అన్నారు తండాలో.

నీల ఇవేవీ తెలియక, జొన్నరొట్టెలు కట్టుకుని చెల్లెలిని చూడబోయింది. వినోద్ వాకిలి ముందరే ఆపాడు. తిట్టలేదు. వదినా, మా దిక్కు రాకు అన్నాడు, అంతే. అతని భుజం మీదుగా గుమ్మంలో నిలబడిన సుధ కనిపించింది. ఆఖరి గుప్పెడు నేనే పెట్టిన అని సుధ ఒక్క మాట అంటే చాలనుకుంది నీల. సుధ కాసేపు చూసి లోపలికి పోయింది.

అప్పటి నుంచి నీల సూది పట్టలేదు. కార్తీక్ ఫోను ఎత్తలేదు. అతను ఒకసారి వచ్చి, వీడియో తీసేశానక్కా, నాకు తెలియదక్కా అని ఏడుపు మొహంతో నిలబడితే, నీకేం తెలుస్తది అయ్యా అని పంపించింది. వడ్లు నెరుపుతూ మధ్యలో ఆగిపోయి తన వేళ్లను చూసుకునేది. ఆరోజు బస్సుకు ఇంకా టైముండిందేమో, రెండు కుట్లు పట్టేవేమో. మనసులో ఏ మూలైనా ఈర్ష్య ఉండిందా అని వెతుక్కునేది. ఎంత వెతికినా దొరికేది కాదు. దొరకలేదని నమ్మకమూ కలిగేది కాదు.

“ఇప్పుడు చెప్పు,” అంది సుకన్య మెల్లగా. “పొద్దుగాల సుధ ఏమన్నది?”

“మళ్ల నెల తప్పిందట.”

సుకన్య మొహం విప్పారింది. నీల మొహం చూసి మళ్లీ ముడుచుకుంది.

సుధ చాటుగా చేసిన ఫోను అది. గుసగుసగా మాట్లాడింది. బొమ్మను అప్పుడే కర్రతో తోసి తండా బయట బండ సందులో పడేశారట, చేత్తో ఎవరూ ముట్టుకోలేదట, సూదులతో అట్లాగే ఉందట. గుచ్చిన చేతులే తీయాలని పెద్దమనుషులు తేల్చారు. ఆదివారం నీల వచ్చి, అందరి ముందర నేనే పెట్టిన, నేనే తీస్తున్న అని చెప్పి సూదులు లాగేయాలి. తర్వాత దాన్ని కాల్చేస్తారు. అట్లా చేయకపోతే ఈ బిడ్డ కూడా నిలవదని అందరూ అంటున్నారు. సుధకు తిండి సయించడం లేదు, బీపీ మళ్లీ ఎక్కిందని నర్సు చెప్పింది. చివరన ఏడుస్తూ, తీసెయ్యి అక్కా, నీ కాళ్లు మొక్కుత అంది.

సుకన్యకు కోపం వచ్చింది. వచ్చినా గొంతు పెంచలేదు. ఒక్కసారి ఒప్పుకుంటే ఆ పేరు మిర్యాలగూడ దాకా వస్తుందని, ఈశ్వరమ్మ గది ఖాళీ చేయిస్తుందని, మిల్లులో పక్కన నిలబడేవాళ్లు ఉండరని చెప్పింది. స్టేషన్లో చెబుదాం, వాళ్లే తండాకు వచ్చి నచ్చజెబుతారు అంది.

“పోలీసులొస్తే వినోద్‌ను తీస్కపోతరు. అది చూసి సుధ బీపీ దిగుతదా, ఎక్కుతదా?”

సుకన్య స్టేషను మాట వదిలేసింది.

“నువ్వు చెయ్యని పనిని చేసిన అంటవా? నీ బతుకు ఖతం అయితది నీలా.”

“డాక్టరమ్మ ఏమన్నదక్కా? భయం పెట్టుకోవద్దన్నది. దాని భయం నా చేతుల ఉన్నది. గోలీలతోని దిగంది నేను సూదులు తీస్తే దిగుతదంటే, తీయనా మరి? నిజం చెప్పుకుంట ఇక్కడ కూసోనా?”

బయట ఊక ట్రాక్టరు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. నీల కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ సూదులు తీయగానే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. పొట్ట నోరు తెరుచుకుంటుంది. అన్నిటికంటే పైన ఉన్న గుప్పెడు, సుధ తన కడుపు మీద చెయ్యి వేసుకుని పెట్టిన గుప్పెడు, ముందుగా రాలిపోతుంది. అందరూ చూస్తుండగా. అది చూసి పీడ వదిలిందంటారు.

“తీసినంక కుట్టనిస్తరేమో అడగాలనుకున్న,” అంది. “అంతల్నే అది ఫోను పెట్టేసింది.”

సుకన్య లేచి మిషనుకు గుడ్డ కప్పింది. తాను కూడా ఆదివారం వస్తానంది. ఒంటరిగా పంపేది లేదంది.

“ఆదివారం రా, గని అప్పటిదాంక ఆగకు. జర ముందుగాల పో,” అంది నీల. “రేపే పో. నేను ముందుగాల కబురు లేకుంట పోతే సీతాబాయి తలుపు తీయది. సుధను పక్కకు పిలిచి, మీ అక్క ఒప్పుకుంటదట అని చెప్పు. గంతే చెప్పు, ఇంకేం చెప్పకు. నా తరఫున వాదం పెట్టుకోకు. ఆ మాట ఇంటే గీ రెండు రోజులన్న ఇంత తింటది.”

సుకన్య సరేనన్నట్టు తల ఊపి, దుకాణం మూసి ఇంటికి బయలుదేరింది. సందు మలుపు దాకా నీల ఆమె వెంట వచ్చింది. అక్కడ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆదివారం గాడ అందరి ముంగట నేనే చేసిన అంటా గద అక్కా. సుధ నమ్ముతది. దానికోసమే అంటున్న, అది నమ్మాలె. నువ్వు గూడ ఆడనే నిలబడి ఇంటవ్. నువ్వు మాత్రం నమ్మకు.”