అడవిదున్నకు నేను చేసిన మేలు

ఆ రోజుల్లో రబ్బరు ముద్ర మీద నాకు అపారమైన నమ్మకం ఉండేది. ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసి, కింద సంతకం పెట్టి, పక్కన గుండ్రటి ముద్ర గుద్దితే ఈ లోకంలో జరగని పని ఉండదని, ఇరవై ఆరేళ్ల వయసులో, ఎమ్మెస్సీ చదివిన బుర్రతో మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ని. (చదువు మనిషికి ఏమిస్తుందని అడిగేవాళ్లకు నా దగ్గర ఇంతకన్నా మంచి జవాబు లేదు.) ఆ నమ్మకం ఒక ఆదివారం పొద్దున, కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్లే అడవి దారిలో, ఒక చెక్‌పోస్టు దగ్గర, నా కళ్లముందే తడిసి ముద్దయింది. తడిసిందని ఊరికే అనడం లేదు. నీళ్ల సంగతి వస్తుంది, కాస్త ఆగండి.

అప్పుడు నేను కొత్తగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని. కిరాయికి తీసుకున్న గది వెనకాల మూతపడిన సామిల్లు షెడ్డు ఒకటి ఉండేది. ఆదివారం తెల్లారితే చాలు, అందులోంచి టకటకమని ఉలి దెబ్బలు. వారానికి ఒక్కరోజు పొద్దెక్కేదాకా పడుకుందామనుకునేవాడి మీద ఇంతకన్నా అన్యాయం ఉండదు. మూడో ఆదివారం లుంగీ ఎగగట్టి పోట్లాటకు వెళ్లాను. అక్కడ కొందరు గుండ్రంగా కూర్చుని చెక్కలు చెక్కుతున్నారు. మధ్యలో ఉన్న తెల్లగడ్డం పెద్దాయన తలెత్తకుండానే "వచ్చినవా? కూసో. గీ దుంగ పట్టుకో, కదలొద్దు," అన్నారు. పట్టుకున్నాను. గంటన్నర పట్టుకున్నాను. లేచేటప్పుడు, నన్ను ఎవరనుకున్నారని అడిగితే, "ఎవరైతేంది, దుంగ కదల్లేదు గద," అన్నారు. శబ్దం మీద ఫిర్యాదుకు వెళ్లినవాణ్ని అలా శబ్దం చేసేవాళ్లలో ఒకణ్నయ్యాను.

ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. నలభై ఏళ్లు తలుపులు, కిటికీలు, మంచాలు చేసి, మోకాళ్లు మొరాయించాక ఈ చెక్కుడు క్లబ్బు పెట్టారు. ఇక గరిటె బాబాయి. సత్తుపల్లి వైపు మిర్చి రైతు, సొంత ట్రాలీ ఆటోలో ప్రతి ఆదివారం అంత దూరం నుంచి వచ్చి గరిటెలు మాత్రమే చెక్కేవాడు. ("కూరలో తిరగనిది కళ ఎట్టా అవుద్దయ్యా?" అనేది ఆయన సిద్ధాంతం.) మూడో మనిషి లెక్కల మేడం. హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఆదివారం పిట్టల్ని చెక్కేది. ఆమె చెక్కిన పిచ్చుకలకు రెండు రెక్కలూ అణువంత తేడా లేకుండా ఉండేవి, అందుకని అవి ఎప్పటికీ ఎగిరేలా కనిపించేవి కావు. నేనేం చెక్కేవాణ్నని అడగకండి. ఏనుగుతో మొదలుపెడితే పందిపిల్ల అయ్యేది, పందిపిల్లతో మొదలుపెడితే పొత్రం అయ్యేది. ఉస్తాద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫికర్ లేదు, పొయ్యిలకు పనికొస్తది," అనేవారు. రెండేళ్లలో ఆయన నోట నాకు అంతకు మించిన ప్రశంస రాలేదు. ఆ నోట ఒక్క "మస్తుంది" వినడమే నా జీవితాశయంగా ఉండేది. అది జరిగేలా లేదని తేలాక అందరూ కలిసి నన్ను సెక్రటరీని చేశారు. మర్నాడే వెళ్లి రబ్బరు ముద్ర చేయించుకున్నాను.

ఆ ఏడాది భద్రాచలంలో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నామని ఎవరో పెద్దమనుషుల నుంచి పిలుపొచ్చింది. ఒక్కో క్లబ్బు నుంచి ఒక్క వస్తువు, ఆదివారం పగలు పన్నెండు లోపల హాలుకు చేర్చాలి. నేను ఉత్తరం చదువుతుంటే ఉస్తాద్ ఒకచోట ఆపారు. "మల్ల సదువు." మళ్లీ చదివాను: వస్తువు ముందు కళాకారుని పేరుతో అట్ట పెట్టబడును. "పేరు పెడ్తరా?" అన్నారు. "పెడతారు ఉస్తాద్." ఆయన ఉలి కింద పెట్టారు. "నలభై ఏండ్లు దర్వాజాలు చేసిన. అన్నిటి మీద ఇంటోని పేరే రాసిండ్రు," అని మళ్లీ ఉలి అందుకున్నారు. అంతే. ఆ తర్వాత నాలుగు నెలలు షెడ్డులో ఎవరికీ వేరే పని లేదు.

కారేపల్లిలో బాబాయి అమ్మమ్మగారి పాత ఇల్లు పడగొడుతుంటే వచ్చిన టేకు దూలం ముక్కను బాబాయి ట్రాలీలో వేసుకొచ్చాడు. అందులోంచి ఉస్తాద్ ఒక అడవిదున్నను బయటికి తీశారు. పడుకుని నెమరేస్తున్న దున్న. మెడ కింద గంగడోలు, వీపు మీద మూపురం, కళ్లలో ఒక రకమైన విసుగు. చెయ్యి వేస్తే లేస్తుందేమోనని భయం వేసేది. దానికి ఒకే ఒక్క లోపం. దూలమన్నాక ఉట్టికని, లాంతరుకని, ఉయ్యాలకని తరతరాలుగా మేకులు కొట్టారు. ఒళ్లంతా ఆ రంధ్రాలు. పూడుద్దామా అంటే ఉస్తాద్, "ఉండనియ్. అది దాని ఉమర్," అన్నారు. వయసును దాచకూడదన్నది ఆయన ఉద్దేశం. కానీ దున్నకు బొక్కలుంటే జడ్జిలేమనుకుంటారన్నది నా బెంగ. శనివారం సాయంత్రం అందరూ వెళ్లాక నేను ఒక్కణ్నే కూర్చున్నాను. మెత్తటి రంపపు పొట్టు, తెల్లబంక కలిపి ముద్ద చేసి, ఒక్కో రంధ్రంలో కూరి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేశాను. ఎక్కడ పూడ్చానో నాకే తెలియనంత బాగా కుదిరింది. నా చేత్తో నేను చేసిన పనుల్లో పొత్రం కానిది అదొక్కటే. హాల్లో అందరి ముందూ గోనెపట్టా తీసి ఉస్తాద్‌ను ఆశ్చర్యపరుద్దామని దున్నను మూట కట్టేశాను.

"టేకు కదా, ఫారెస్టువాళ్లు ఆపుతారు. దూలం ఆ ఇంటిదేనని పంచాయతీ నుంచి కాగితం తెచ్చావా?" అని లెక్కల మేడం మూడుసార్లు అడిగింది. "నేను చూసుకుంటాను మేడం," అని మూడుసార్లూ చెప్పాను. చూసుకున్నాను కూడా. మా క్లబ్బు లెటర్‌హెడ్ మీద నేనే రాసి, ముద్ర గుద్దాను.

ఆదివారం బాబాయి ట్రాలీ నడుపుతుంటే, పక్కన ఉతికిన తెల్లలాల్చీలో ఉస్తాద్, వెనక దున్నను చెరోవైపు పట్టుకుని మేడం, నేను. పాల్వంచ దాటి అడవిలో పడ్డామో లేదో మాకు హుషారు ఆగలేదు. బాబాయి వంకర తిరిగిన ప్రతిచోటా హారన్ కొట్టాడు. మేడం మైలురాళ్లు చూసి లెక్కేసి పదకొండుకే చేరతామంది. అంతలో ముందు అడ్డకర్ర కనిపించింది.

చెక్‌పోస్టులోంచి యూనిఫాంలో ఒకమ్మాయి వచ్చింది. ఫారెస్టు బీట్ ఆఫీసర్. నా విద్యార్థుల కన్నా రెండేళ్లు పెద్దదేమో. "మూటల ఏంది?" అంది. "కళాఖండం," అన్నాను. "ఇప్పుండ్రి." విప్పాను. ఉస్తాద్ కిందికి దిగి దున్నను చూశారు. మళ్లీ చూశారు.

"టేకు," అందా అమ్మాయి. "కాయితమేది?" నేను హుందాగా లెటర్‌హెడ్ ఇచ్చాను. ఆమె మొత్తం చదివింది. "పాత దూలమని ధ్రువీకరించిండ్రు. ఎవరు?" "క్లబ్బు సెక్రటరీ." "ఆయనెవరు?" "నేనే." "గీ ముద్ర?" "నాదే." ఆమె కాగితాన్ని మడిచి, ఎంతో మర్యాదగా నా జేబులోనే పెట్టింది.

"అమ్మా, ఇది మా అమ్మమ్మగారి ఇంటి దూలం!" అని బాబాయి అందుకున్నాడు. "దీనికే ఉయ్యాల కట్టి నన్నూపింది. ఇక్కడ ఇంత కొక్కెం ఉండేది. ఆ బొక్క చూస్తే నీకే తెలుస్తది, చూడమ్మా, ఇదిగో..." అని మూపురం మీద వేలు పెట్టాడు. అక్కడ అద్దంలా నున్నగా ఉంది. వేలు అటు జరిపాడు, ఇటు జరిపాడు. "అయ్యో, నా బొక్క ఏదీ!"

"సార్, పాత కలపకు మొలల బొక్కలుంటయ్," అంది ఆఫీసరమ్మ. "దీనికి ఒక్కటి కూడ లేదు. కొత్త చెట్టు కొట్టి చెక్కినట్టే ఉంది. గీ అడ్డకర్ర నేను లేపలేను." టైము పదిన్నర. వెనక ఆర్టీసీ బస్సు ఆగింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. మేడం నా వైపు చూసింది. తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ని చూసే చూపది. ఇక దాచి లాభం లేక, "బొక్కలున్నాయి. నేనే పూడ్చాను," అన్నాను. "ఎక్కడ?" అంది ఆఫీసరమ్మ. దున్న చుట్టూ తిరిగాను. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఒక్కటి దొరికితే ఒట్టు.

అప్పుడు ఉస్తాద్ ముందుకొచ్చారు. దున్న వీపంతా బొటనవేలితో తడుముకుంటూ పోయి, ఆగి, నా మొహంలోకి చూశారు. "నువ్వే పెట్టినవా ఇది?" "అవ్ ఉస్తాద్." "రాత్రికి రాత్రేనా?" "సాయంత్రమే." ఆయన ఇంకోసారి తడిమారు. "మస్తుంది," అన్నారు. "నలభై ఏండ్లు చేసిన నాకే దొరుకుతలేదు."

రెండేళ్లు ఎదురుచూసిన మాట! అడవి మధ్యలో, ఆగిన బస్సు ముందు, ఆయన పేరు పెట్టాల్సిన అట్టకు ముప్పావుగంట దూరంలో, ఆ అట్ట ఇక దక్కదని తేలుతున్న సమయంలో వచ్చింది. ఏడవాలో నవ్వాలో తెలియక నేను కొంచెం తలవంచి ప్రశంసను స్వీకరించాను. (అవును, స్వీకరించాను. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.)

ఉస్తాద్ ఆఫీసరమ్మ వైపు తిరిగి, "బేటీ, జర పానీ ఉంటే ఇయ్యి," అన్నారు. దాహమనుకుని ఆమె లోపలికెళ్లి చెంబుతో తెచ్చింది. ఆయన తాగలేదు. దున్న వీపు మీద మెల్లగా ఒంపారు. ఎండిన టేకు నీళ్లు తాగి ముదురు గోధుమరంగుకు తిరిగింది. దాని మధ్య ఒకటి, రెండు, ఏడు, పన్నెండు... తెల్లటి మచ్చలు! బంక పట్టినచోట నీళ్లు ఇంకలేదు. దున్నకు తట్టు పోసినట్టయింది. బస్సులో జనం ఈలలు వేశారు. బాబాయి మూపురం మీది పెద్ద మచ్చను చూసి "అదే! నా ఉయ్యాల బొక్క!" అని ఎగిరాడు.

"థూ," అన్నారు ఉస్తాద్ నాతో. "మంచిగ పెట్టినవనుకున్న. బంక ఎక్కువైంది."

నా కీర్తి అయిదు నిమిషాలుంది. కానీ బాధపడే తీరిక ఎక్కడిది! ఉస్తాద్ సంచీలోంచి సన్న ఉలి, మేడం పిన్నీసు, బాబాయి ట్రాలీ తాళంచెవి బయటికొచ్చాయి. అందరం దున్న మీద పడి నేను పూడ్చినవన్నీ తవ్వడం మొదలుపెట్టాం. ఆఫీసరమ్మ కాసేపు చేతులు కట్టుకుని చూసింది. తర్వాత ఆగలేక జడలోంచి హెయిర్‌పిన్ తీసి ఆమే కూర్చుంది. బస్సు కండక్టర్ దిగొచ్చి, "మేడం, మా బస్సు పోనియ్యరా?" అంటే, "ఒక్క నిమిషమన్నా, గిదొచ్చేటట్టుంది," అంది. మూపురం మీది రంధ్రం అడుగున ఆమె పిన్ను ఠక్కున ఆగింది. గీకి చూస్తే విరిగిన కొక్కెం మొదలు, తుప్పు పట్టి, చుట్టూ చెక్క నల్లబడి ఉంది. ఆమె లేచి చీపురు పుల్లతో లోతు కొలిచి, రిజిస్టర్ తెచ్చి, ఒక కాగితం మీద 'పాత దూలం, మొలల ఆనవాళ్లు చూసితిని' అని రాసి, చెక్‌పోస్టు ముద్ర గుద్దింది. ఏం ముద్ర అది! నాది దాని ముందు వంకాయ ముచ్చికతో గుద్దినట్టుంది. "వచ్చేటప్పుడు దీన్నిట్లనే తీస్కరాండ్రి. మల్ల పూడ్చిండ్రనుకో, ఆపుత," అని నాకొక్కడికే చెప్పి అడ్డకర్ర లేపింది.

ఆ మిగతా దారి బాబాయి ఎలా నడిపాడో గోదావరి వంతెననే అడగాలి. హాల్లోకి దున్నను మోసుకుంటూ పరిగెత్తేసరికి పన్నెండుకు నాలుగు నిమిషాలు. బల్ల దగ్గరాయన అట్ట చేతికిచ్చి, "కళాకారుడి పేరు?" అన్నాడు. కలం పట్టుకుని నేను ఆగిపోయాను. రెండేళ్లుగా ప్రతి ఆదివారం కలిసి టీ తాగిన మనిషి పేరు సెక్రటరీకి తెలియదు! ఉస్తాద్ మూడు మాటల పేరు మెల్లగా చెప్పారు. రాశాను. ఆయన అట్టను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, దున్న ముందు తనే నిలబెట్టారు. బహుమతి ఎవరో వెదురు బుట్టకిచ్చారు. అది మంచి బుట్టే. కానీ సాయంత్రం దాకా జనం వచ్చి ఆ దున్న రంధ్రాల్లో వేళ్లు పెట్టి "ఇవేంటి?" అని అడగడం, ఆయన "దాని ఉమర్" అని చెప్పడం, బాబాయి పక్కనుంచి "అది నా ఉయ్యాల!" అని కలపడం... అలా ఎంతమందికి చెప్పారో మేడం లెక్క పెట్టడం కూడా మానేసింది. ఆ అట్టను ఉస్తాద్ తెచ్చి షెడ్డు గోడకు కొట్టారు. మేకుతోనే.

మొన్నీమధ్య కొత్తగూడెం వెళ్లినప్పుడు షెడ్డుకు పోయాను. (నేనిప్పుడు వేరే ఊళ్లో పెద్ద లెక్చరర్ని. ముద్ర ఉంది, వాడను.) అట్ట పసుపెక్కింది. ఉస్తాద్ ఎవరో కొత్త కుర్రవాడికి "దుంగ పట్టుకో, కదలొద్దు" అని చెబుతున్నారు. దున్న మూలన పడుకుని నెమరేస్తూనే ఉంది. పక్కన కూర్చుని ఊరికే తడుముతుంటే, గంగడోలు కింద, ఆ రోజు నీళ్లు చేరని చోట, నా వేలు ఆగింది. ఆ శనివారం అక్కడొకటి పూడ్చినట్టు గుర్తు. వంగి చూశాను. ఎంత వెతికినా అంచు కనిపించలేదు. అంత నున్నగా ఉంది. తలుపు దగ్గర కుండ, దాని మీద చెంబు. ఒక్క చెంబు ఒంపితే అది మంచి పనో కాదో ఈపాటికి తేలిపోయేది.

కుండలో నీళ్లు ముంచుకుని తాగేసి వచ్చాను.