పిప్పిలో పడుకున్న కుక్కపిల్ల

నా చిన్నప్పుడు ఒక ఏడాది చెరకు ఆడే రోజులన్నీ కుక్కపిల్లను దువ్వడంతోనే సరిపోయాయి. అనకాపల్లికీ కొండకర్లకీ మధ్య మా పొలంలో బెల్లం వండే పాక ఉండేది. పొయ్యిలో వేయడానికి చెరకు పిప్పి ఎండబెట్టి పక్కనే కుప్ప పోసేవారు. ఊరకుక్క ఒకటి ఆ పిప్పిలో ఈనింది. నాలుగు పిల్లల్లో మూడు పోయాయి. మిగిలిన తెల్లపిల్ల నాదేనని నాకు నేనే చెప్పేసుకున్నాను.

దాని ఒంటినిండా నల్లటి గెంతుడు పురుగులు. రక్తం పీల్చేస్తుంటే చిగుళ్ళు పాలిపోయాయి, పాలు తాగే ఓపిక కూడా లేదు. ఇదీ పోతుందేమోనని నా బెంగ. అమ్మ పేల దువ్వెన దొంగిలించి రోజూ దువ్వేదాన్ని, దొరికినవాటిని వేడినీళ్ళలో ముంచేదాన్ని. మర్నాటికి మళ్ళీ అన్నీ ఉండేవి. ఒళ్ళు మండి ఒకరోజు దువ్వెన విసిరికొట్టి ఏడ్చాను. పొయ్యిలోకి పిప్పి ఎగదోసే కూలి తాత ఒకడు అక్కడే చుట్ట కాలుస్తూ చూసేవాడు. ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు.

చివరికి పురుగులు చస్తాయని లాంతరులోని కిరసనాయిలు గుడ్డ మీద ఒంపి దాని వీపంతా రుద్దాను. యుద్ధం రోజులు, చమురు దొరకడమే గగనం, ఇంట్లో తెలిస్తే నా వీపు చిట్లిపోయేది. కాసేపటికి పిల్ల ఒళ్ళు నాక్కుంది. నురగ కక్కుతూ వణకడం మొదలెట్టింది. ఎత్తుకుని తాత దగ్గరికి పరిగెత్తాను.

ఆయన చుట్ట పారేసి లేచాడు. నాచేత సున్నిపిండి తెప్పించి, చమురు వాసన పోయేదాకా గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచి, సెగ తగిలే చోట నా ఒళ్ళో పడుకోబెట్టాడు.

"పసిగుడ్డు కదే అమ్మీ, సమురు పూత్తే బతుకుతాదా?" అన్నాడు.

తర్వాత తలపాగా విప్పి, పిల్ల పడుకునే పిప్పి మీద ఆ తెల్లగుడ్డ పరిచాడు. చూస్తుండగానే దాని మీదికి నల్లచుక్కలు గెంతాయి.

"పురుగు కాపరం పక్కలో. నువ్వు దువ్వేసి మళ్ళీ దాన్లోనే పడుకోబెడతన్నావు."

ఆ పిప్పినంతా పారతో ఎత్తి పొయ్యిలో వేశాడు. నేల ఊడ్చి, ఉడకబెట్టి ఎండేసిన గోనె పరిచాడు. తల్లికుక్కనూ కడిగాం. గోనె మార్చడం, రోజూ దువ్వడం నా వంతు. వారం తిరక్కుండా పిల్ల పాలకోసం తల్లిని సతాయించడం మొదలెట్టింది.

ముందే ఎందుకు చెప్పలేదని కోపంగా అడిగాను.

"నువ్వడగనేదు కదమ్మీ. సరదాకి దువ్వుతన్నావనుకున్నాను."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆయన మీద కొంత, నా మీద ఎక్కువ. రోజూ మూడు బారల దూరంలో కూర్చున్న మనిషిని, పొయ్యి ఎగదోసేవాడికి ఏం తెలుసులే అనుకుని, ఒక్కసారీ అడగలేదు.

ఆ కుక్క చాలా ఏళ్ళు బతికింది. వీపు మీద చమురుకి పుండు పడిన చోట మాత్రం వెంట్రుక మళ్ళీ రాలేదు. నిమిరినప్పుడల్లా ఆ నున్నటి చోటు చేతికి తగిలేది. ఎంత చేసినా తెమలని పనితో విసుగెత్తినప్పుడు ఇప్పటికీ నా అరచేతికి ఆ చోటు తగిలినట్టే ఉంటుంది. అప్పుడు పని ఆపి, పక్కనున్న మనిషిని అడుగుతాను.